అవసాన ఘడియలో వచ్చువారు

పోవుచున్న మనిషి మంచము చెంత కూర్చున్న అనుభవము శ్రోతలలో చాలమందికి ఉండియుండును. రోగి గోడ వైపు చూచి, ఎన్నడో గతించినవారిని పేరు పెట్టి పిలుచును. మనకు గోడ తప్ప మరేమియు కనిపించదు. అప్పుడు మనము ఏమనవలెను?

మా నాయనమ్మ తుది దినములలో “పీట వెయ్యండర్రా, మీ తాతగారొచ్చారు” అని పదే పదే అనుచుండెడిది. తాతగారు పోయి అప్పటికి ఇరువది యేండ్లు. నాలుగక్షరములు నేర్చిన మేము “ఎవరూ రాలేదు నాయనమ్మా, పడుకో” అని మందలించితిమి. మా మేనత్త మాత్రము మారు మాటాడక పీట వాల్చెను. నాయనమ్మ ఊరడిల్లెను. మేనత్త అమాయకత్వమునకు నాడు నేను నవ్వుకొంటిని. ఆ నవ్వు నన్ను చాల కాలము బాధించినది.

ఇట్టి సంఘటనలను శ్రద్ధతో సేకరించినవారిలో సర్ విలియం బారెట్ ఒకరు. ఆయన డబ్లిన్‌లో భౌతికశాస్త్రాచార్యులు. అతీంద్రియ విషయముల పరిశోధనకై 1882లో లండన్‌లో వెలసిన సంఘమునకు స్థాపకులలో ఒకరు. ఆయన భార్య ఫ్లారెన్స్ ప్రసూతి వైద్యురాలు. 1924 జనవరి 12వ తేదీ రాత్రి ఆమె ఆసుపత్రి నుండి వచ్చి, తాను చూచినది భర్తకు చెప్పెను.

ప్రసవమైన ఒక ఇల్లాలు గుండె బలహీనతతో కన్నుమూయుచుండెను. బిడ్డ క్షేమమే. ఆమె గదిలో ఒక వైపునకే చూచుచు, అక్కడ గొప్ప వెలుగున్నదనియు, గతించిన తన తండ్రి వచ్చినాడనియు చెప్పెను. బిడ్డను తెచ్చి చూపిరి. బిడ్డకొరకై ఉండవలయునా అని ఒక క్షణము తటపటాయించి, ఉండజాలనని పలికెను. అంతలో ఆమె మొగమున వింత కలవరపాటు: తండ్రితో తన సోదరియు ఉన్నది! ఆ సోదరి మూడు వారముల క్రిందటనే మరణించియుండెను. రోగి తట్టుకొనలేదని బంధువులు ఆ వార్తను దాచియుంచిరి.

బారెట్‌గారి మనసును పట్టినది ఈ చివరి అంశమే. ఆయన 1925లో కాలధర్మము చెందిరి. మరణశయ్యా దర్శనములపై ఆయన గ్రంథము మరుసటి యేట వెలువడినది.

దాచినవారి నోటికన్న వారి కండ్లు ఎక్కువ చెప్పునని సంశయవాదులు అనవచ్చును. అక్కనో చెల్లెలినో గూర్చి ఇంటిల్లిపాది మౌనము వహించుట రోగి కనిపెట్టలేదా? ఈ సమాధానము నాకు పూర్తిగా తృప్తి నీయదు. అట్లని పరలోకమునకు అది సాక్ష్యమనుటకును మనసొప్పదు.

తరువాత కార్లిస్ ఓసిస్, ఎర్లెండుర్ హరాల్డ్‌సన్ అను పరిశోధకులు అమెరికాలోను, ఉత్తర భారతమునను వైద్యులను, నర్సులను విచారించి 1977లో గ్రంథము ప్రకటించిరి. అమెరికా రోగులకు ఎక్కువగా బంధువులును, మనవారికి ఎక్కువగా దేవతలును యమదూతలును కనిపించిరట. రానని మొరాయించినవారు మనలోనే ఎక్కువ. సావిత్రి కథ విని పెరిగినవారము కదా!

బఫలో నగరపు అంత్యకాల సేవాసదనమున క్రిస్టొఫర్ కెర్ మొదలగువారు 59 మంది రోగులను స్వయముగా అడిగి, ఫలితములను 2014లో ప్రకటించిరి. నూటికి 88 మంది ఇట్టి కలయో దర్శనమో కలిగినదనిరి. మరణము సమీపించిన కొలది గతించినవారు ఎక్కువగా కనిపించిరి. వారి రాకయే రోగులకు మిక్కిలి ఊరట. అయితే సంధి ప్రేలాపన వేరు. రోగి బెదరి, మనుషులను గుర్తింపక పెనగులాడునేని వైద్యుని పిలువవలెను. దానికి చికిత్స కలదు.

2020లో కెనడా పరిశోధకులు మరియొక సంగతి ప్రకటించిరి. బాహ్యస్పృహ కోల్పోయిన అవసాన రోగులలో కొందరి మెదడు అప్పటికిని శబ్దములకు స్పందించుచున్నదట. విన్నది అర్థమగునో లేదో ఆ ప్రయోగము చెప్పదు. తులసి తీర్థము పోసి, చెవిలో నారాయణ నామము పలికెడి మన పెద్దలు ఏ యంత్రమును అడిగినవారు కారు.

మేనత్త వాల్చిన పీట మూడు దినములు గోడ ప్రక్కననే ఉండెను. నాలుగవనాటి తెల్లవారుజామున నాయనమ్మ “మీ తాతగారు లేచారు, వెళ్ళొస్తానే” అనెను. మేనత్త ఆమె చేయి విడువక “సరేనమ్మా, చీకటిగా ఉంది, జాగ్రత్తగా వెళ్ళు” అనెను. సాయంకాలము వరకు ఆ పీటను ఎవ్వరును తీయలేదు.