హైబ్రిడ్ కారు - ఆయిలు మార్చిన తరువాత

కారులో ఇంజను ఆయిలు మార్చాక మన మెకానిక్కులు చేసే పని మీకు తెలిసిందే. ఇంజను స్టార్టు చేస్తారు. రెండు నిముషాలు అలాగే ఉంచుతారు. వంగి కిందికి చూస్తారు. చుక్క పడకపోతే "సరిపోయిందండీ, తీసుకెళ్లండి" అంటారు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా పద్ధతి ఇదే. మామూలు పెట్రోలు కారుకు ఇది మంచి పద్ధతే. హైబ్రిడ్ కారు దగ్గర మాత్రం ఇది మనల్ని మోసం చేస్తుంది.

ఈ కార్లు ఇప్పుడు మన వైపు కొత్తవి కావు. 2022లో హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీలలో హైబ్రిడ్ రకాలు వచ్చాయి. బెంగళూరు-మైసూరు దారిలోని బిడదిలో తయారయ్యే ఇన్నోవా హైక్రాస్‌ను కూడా ఆ ఏడాదే చూపించారు. ఇప్పుడు టాక్సీలుగా సైతం తిరుగుతున్నాయి. వీటిలో పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు ఉంటాయి. బటను నొక్కితే 'రెడీ' అనే దీపం వెలుగుతుంది. బండి కదలడానికి సిద్ధంగా ఉందని దాని అర్థం. అంతేగాని ఇంజను నడుస్తోందని కాదు.

ఆయిలును ఫిల్టరులోకీ, బేరింగులకూ తోసే పంపు ఇంజనుతో పాటే తిరుగుతుంది. ఇంజను ఆగి ఉంటే ఒత్తిడి లేదు. కింద ఉన్న డ్రెయిన్ బోల్టు సరిగా బిగియకపోతే ఆయిలు తన బరువుకే కారి, ఇంజను ఆగి ఉన్నా బయటపడవచ్చు. ఫిల్టరు దగ్గరి లోపం అలా కాదు. పంపు తోసినప్పుడే అది బయటపడుతుంది. పాత ఫిల్టరు రబ్బరు వాషరు ఇంజనుకే అతుక్కుపోయి, దాని మీదే కొత్తది బిగిస్తే రెండు వాషర్ల మధ్య నుంచి ఆయిలు చిమ్ముతుంది. కొద్ది దూరంలోనే ఇంజను ఖాళీ కావచ్చు. ఆ తరువాత ఇంజను పట్టేస్తే అయ్యే ఖర్చు చెప్పనక్కరలేదు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. ఆయిలు బాగా దిగాలని ఇంజను కాస్త వేడిగా ఉన్నప్పుడే తీస్తాం. హైబ్రిడ్ ఇంజను చల్లగా ఉంటే వేడెక్కడం కోసం సాధారణంగా తనంతట తానే మొదలవుతుంది. వేడిగా ఉంటే మౌనంగా కూర్చుంటుంది. అంటే మనం పరీక్ష పెట్టే వేళకు అది నడవకపోవడానికే అవకాశం ఎక్కువ. కాబట్టి చెవిని నమ్మండి. ఇంజను చప్పుడు వినాలి, సైలెన్సరు దగ్గర పొగ వేడి తగలాలి. టయోటా కార్లలో ఇంజనును ఆపకుండా నడిపించే 'మెయింటెనెన్స్ మోడ్' ఉంది. అది మీ మోడలుకు ఎలా పెట్టాలో మెకానిక్కును అడగండి. తెలియదంటే తెలిసిన చోటికి తీసుకెళ్లడమే మేలు. ఈ పని గాలి ఆడే చోట చేయాలి, తలుపులు మూసిన షెడ్డులో వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. 'రెడీ' దీపం వెలుగుతున్నప్పుడు ఎవరూ కారు కింద దూరకూడదు. ఇంజను ఏ క్షణంలోనైనా మొదలవుతుంది. పాత స్టార్టరు మాదిరి ముందుగా గరగరమనే చప్పుడు కూడా ఉండదు. ఇంజను నడుస్తుండగా పక్క నుంచి, టార్చి వేసి చూడాలి. కిందికి వెళ్లాలంటే బండి పూర్తిగా ఆపి, తాళం పరికరాన్ని దూరంగా పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు వేయాలి. షెడ్డులో పనిచేసే కుర్రవాడికి ఈ సంగతి తెలుసునో లేదో యజమాని ఒకసారి అడిగితే తప్పు లేదు. నారింజ రంగు తీగల జోలికి మాత్రం పోవద్దు. వాటిలో ప్రాణాంతకమైన కరెంటు ఉంటుంది.

పరీక్షకు ముందు ఫిల్టరు, బోల్టు చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడవండి. మార్చేటప్పుడు ఒలికిన ఆయిలే చాలామందిని కంగారు పెడుతుంది. చాలా కార్లకు ఇంజను అడుగున ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దాన్ని బిగించాక చూస్తే లాభం లేదు. కారిన ఆయిలు అందులోనే నిలిచి, నేల మాత్రం పొడిగా కనబడుతుంది. అందుకే తొడుగు పెట్టక ముందే చూడాలి. కొత్త ఆయిలు తేనె రంగులో పలచగా ఉండి కంటికి ఆనదు. తెల్ల కాగితం అద్ది చూడండి. నీళ్లలా ఉంటే ఏసీ నీరు. టయోటాలో గులాబి రంగు కనిపిస్తే అది కూలెంటు, దాని సంగతి వేరుగా చూడాలి.

తమిళ మెకానిక్కు "కసివు" అన్నా, కన్నడ మెకానిక్కు "సోరికె" అన్నా, చెమ్మగా ఉందా, చుక్క కడుతోందా అని విడమరచి అడగండి. తుడిచిన చోట మళ్లీ చెమ్మ వచ్చినా బండి బయటికి తీయవద్దు.

ఇంజను ఆపి, సమతలం మీద అయిదు నిముషాలు ఆగి గేజి పుల్ల చూడండి. ఇంజను నడవక ముందు చూసినదానికంటే కొంచెం తగ్గి ఉంటుంది. ఖాళీ ఫిల్టరు నిండింది కాబట్టి తగ్గింది, అది లీకు కాదు. గీతల మధ్యకు వచ్చేలా మళ్లీ పోయండి. తరువాత నాలుగైదు కిలోమీటర్లు తిప్పి వచ్చి, బండి ఆపి, ఇంకొకసారి చూసి, అప్పుడు తొడుగు బిగించండి.

రాత్రికి ఇంజను కింద పాత వార్తాపత్రిక పరవండి. ఏ భాషదైనా ఫరవాలేదు. పొద్దున్నే బటను నొక్కక ముందు ఆ కాగితం తీసి చూడండి, గేజి పుల్ల కూడా చూడండి. తొడుగులో నిలిచినది కాగితం మీద పడకపోవచ్చు, పుల్ల మాత్రం చెబుతుంది.