గుళ్ళు, మేడలు, మా అత్తగారు



మొన్న మా పక్కింటి వదిన బాంకాక్ చూసి వచ్చింది. "ఎండ మన ఆదోని ఎండే వదినా, పైగా ఉక్క!" అంటూ ఫోనులో ఫోటోలు చూపించింది. రాజప్రాసాదం, మరకత బుద్ధుని ఆలయం, బంగారు గోపురాలు. ఆ ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడలమీద 178 చిత్రాల్లో రామాయణం ఉంది. వాళ్ళు దాన్ని రామకియన్ అంటారు. ఆ కథలో హనుమంతుడు బ్రహ్మచారి కూడా కాడు! "అవి చూశావా?" అని అడిగితే వదిన తెల్లబోయింది. "గోడలెక్కడ చూశాం? గైడు ముందు పరుగు, మేం వెనక పరుగు. నీడ ఎక్కడా, నీళ్ళు ఎక్కడా అన్నదే ధ్యాస" అంది.

నవ్వకండి. ఇదే పని నేను మాకు దగ్గరలో ఉన్న హంపిలో చేశాను.

మా అత్తవారిది చిప్పగిరి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా మా ఆలూరు తాలూకా, హంపి ఉన్న హోస్పేట తాలూకా రెండూ బళ్ళారి జిల్లాలోనే ఉండేవి. గుంతకల్లులో రైలెక్కితే బళ్ళారి మీదుగా హోస్పేట, అక్కడినుంచి సుమారు 13 కిలోమీటర్లు హంపి. అంతే దూరం. అయినా డెబ్బై ఏళ్ళు దాటేవరకు మా అత్తగారు హంపి చూడలేదు.

పిల్లల సెలవులని మే నెలలో బయలుదేరాం. మావారు కాగితం మీద పదహారు చోట్లు రాసుకున్నారు. విఠలాలయంలో రాతిరథం దగ్గరకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. బండలు పెనంలా కాలుతున్నాయి. అత్తగారికి కళ్ళు తిరిగి స్తంభం పట్టుకుని కూలబడ్డారు. నీళ్ళు చల్లి, మజ్జిగ తాగించి, గదికి చేర్చాం. మర్నాడు మిగిలినవన్నీ ఆటోలోంచే చూపించాం. "చాల్లే అమ్మీ, ఇంక నాకొద్దు" అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది.

మరుసటి మాఘమాసంలో మళ్ళీ తీసుకువెళ్ళాను. ఈసారి కాగితం లేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం పెరుగన్నం తిని నిద్ర.

మొదటిరోజు పొద్దున విరూపాక్షస్వామి దర్శనం. రెండోరోజు హజార రామాలయం. పదిహేనో శతాబ్దం మొదట్లో మొదటి దేవరాయల కాలంలో కట్టిన చిన్న గుడి అది. ప్రాకారం బయట ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యకత్తెలు వరుసలు తీరి ఉంటారు. లోపల గుడి గోడకు మూడు వరుసల్లో రామాయణం చెక్కి ఉంది. ప్రదక్షిణం చేస్తూ చూసుకోవాలి.

మా అత్తగారికి చదువు రాదు. ఆవిడకు రామాయణం తెలిసింది తోలుబొమ్మలాటల్లో, తెల్లవార్లూ కూర్చుని. గోడ ముందు నిలబడి ఆవిడే మొదలుపెట్టారు. "ఇదిగో దశరథుడి యజ్ఞం. ఇది పాయసం. ఈడ చూడమ్మీ, ఏడు చెట్లూ ఒక్క బాణానికే! సుగ్రీవునికి అప్పుడు కానీ నమ్మకం కుదరలేదు." మెట్రిక్ చదివిన నేను ఆవిడ వెనక నడుస్తూ విన్నాను. రెండు గంటలు గడిచినా ఆవిడకు అలసట తెలియలేదు.

సాయంత్రం కమలమహలు చూశాం. "గుళ్ళు ఇన్నుండాయి, రాజుల మేడలు ఏవీ?" అని అడిగారు. గుళ్ళు రాతివి కనుక నిలిచాయి. మేడల పైకట్టడం చాలావరకు కొయ్య. 1565 యుద్ధం తర్వాత నగరం పాడైనప్పుడు అవి పోయి, రాతి పునాదులే మిగిలాయి. ఆ మాటే చెప్పాను. రాణివాసం చుట్టూ ఉన్న ఎత్తయిన గోడను, కావలి బురుజులను చూసి ఆవిడ, "రాణులు కూడా వాకిలి దాటేది లేదన్నమాట" అన్నారు.

కాసేపాగి, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు అన్నారు: "మీ మామ ఈడికి మూడుతూర్లు వచ్చినాడు. మూడుతూర్లూ జొన్నరొట్టెలు కట్టిచ్చింది నేనే."

నాకు జవాబు దొరకలేదు. ఇల్లు ఎవరు చూస్తారు, పశువులకు నీళ్ళెవరు పెడతారు అనే మాటలతో ఆవిడకు ఇన్నేళ్ళూ గడిచిపోయాయి.

కాబట్టి సోదరీమణులారా, బాంకాక్ వెళ్ళినా, హంపి వెళ్ళినా రెండు మూడు మాటలు గుర్తుంచుకోండి. ఎండాకాలం వద్దు. గొడుగు, మజ్జిగ, నూలుచీర మరవద్దు. పది చోట్లు పరుగెత్తి చూసేకన్నా ఒక గోడ ముందు నిదానంగా నిలబడటం మేలు. కథ తెలిసిన పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆ రాళ్ళే మాట్లాడతాయి.

మీ ఇంట్లో కూడా అందరి ప్రయాణాలకూ రొట్టెలు కట్టిచ్చి, తాను గడప దాటని మనిషి ఒకరుంటారు. ఆవిడ మోకాళ్ళు ఇంకా సహకరిస్తుండగానే అడగండి, "నీకేం చూడాలనుంది?" అని. ఈసారి రొట్టెలు మీరు కట్టండి.

సెలవు.