ఐసీయూ మెషీన్లు, గోడ మీద వైఫై పాస్‌వర్డ్: హాస్పిటల్లో జీరో ట్రస్ట్ అంటే ఏంటి?

ఈ రోజు ఎపిసోడ్ ఒక జిరాక్స్ కాపీ గొడవతో మొదలవుతుంది.

పోయినేడాది మా నాన్నమ్మని ఒక హాస్పిటల్లో జాయిన్ చేశాం. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, మూడు రోజులు ఐసీయూ. ఐసీయూ బయట స్టీల్ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది, అక్కడ మనకుండే పనులు రెండే. సిస్టర్ బయటికొస్తే లేచి నిలబడటం, లేదంటే ఫోన్ చూసుకోవడం. అటెండెంట్ల కోసం వైఫై పాస్‌వర్డ్ గోడకి అంటించారు. నేనూ కనెక్ట్ అయ్యా.

మూడో రోజు ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు నాన్నమ్మ ఆధార్ కాపీ అడిగారు. ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి, ఆఫీసు అలవాటు కొద్దీ ప్రింట్ నొక్కా. దగ్గర్లో ఉన్న ప్రింటర్ల లిస్ట్ వచ్చింది. బిల్లింగ్ కౌంటర్‌ది, ల్యాబ్‌ది, ఫార్మసీది... వాటి కింద రేడియాలజీ అన్న పేరుతో ఇంకోటి.

నేనేం హ్యాక్ చేయలేదు. మామూలు ఫోన్, మామూలు ప్రింట్ బటన్. కానీ దాని అర్థం ఏంటంటే, గోడ మీదున్న పాస్‌వర్డ్‌తో ఎక్కిన నా ఫోనూ, రేడియాలజీ గదిలో ఉన్న మెషీనూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. అప్పుడు కడుపులో ఒక్కసారి కలుక్కుమంది. మరి లోపల నాన్నమ్మ మంచం పక్కన స్టాండుకి బిగించి ఉన్న ఇన్ఫ్యూజన్ పంపు ఎక్కడుంది?

అది నేను చెక్ చేయలేదు. మీరూ ఎప్పుడూ చేయకండి, కారణం తర్వాత చెప్తా.

ఇన్ఫ్యూజన్ పంపు అంటే తెలియని వాళ్లకి: మందుని గంటకి ఇన్ని మిల్లీలీటర్లు అని లెక్కగా నరంలోకి పంపే చిన్న డబ్బా. ఈ మధ్య వచ్చేవాటికి వైఫై ఉంటుంది. ఏ మందుకి ఎంత డోసు దాటకూడదు అనే లిస్టు వాటిలో ఉంటుంది. ఆ లిస్టు మారినప్పుడు ఒక్కో పంపు దగ్గరికి వెళ్లకుండా సర్వర్ నుంచి పంపొచ్చు. మంచి ఫీచరే. కానీ 2015 జూలైలో అమెరికా ఎఫ్‌డీఏ, హాస్పిరా కంపెనీ సింబిక్ అనే పంపుని వాడటం ఆపేయమని హాస్పిటళ్లకి గట్టిగా చెప్పింది. ఎందుకు? హాస్పిటల్ నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడు దూరం నుంచే డోసు మార్చే అవకాశం ఉందని తేలింది. పేషెంట్ ఎవరికైనా అలా జరిగిందని సమాచారం లేదు, అది కూడా వాళ్లే చెప్పారు. కానీ తలుపు తెరిచే ఉంది.

ఇక్కడ "హాస్పిటల్ నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడు" అన్న మాట పట్టుకోండి. గోడ మీద పాస్‌వర్డ్ చూసి ఎక్కిన నేను, ఆ రోజు ఆ నెట్‌వర్క్‌లోనే ఉన్నా.

పాత పద్ధతి సెక్యూరిటీ మన పెళ్లి లాంటిది. ఫంక్షన్ హాల్ గేటు దగ్గర ఒక వాచ్‌మన్. మంచి చొక్కా వేసుకుని నవ్వుతూ లోపలికి వెళ్తే చాలు, అమ్మాయి తరఫు వాళ్లు అబ్బాయి తరఫు అనుకుంటారు, అబ్బాయి తరఫు వాళ్లు అమ్మాయి తరఫు అనుకుంటారు. భోజనం చేయొచ్చు, ఎవరూ ఏమనరు, సరదాగానే ఉంటుంది. కానీ అదే మనిషి పెళ్లికూతురు నగలున్న గది వైపు కూడా అలాగే నడిచి వెళ్లగలడు. గేటు దాటాడు కాబట్టి మనోడే. సమస్యంతా అక్కడే.

2010లో ఫారెస్టర్ అనే రీసెర్చ్ సంస్థలో పనిచేసే జాన్ కిండర్‌వాగ్ దీనికి పెట్టిన పేరే జీరో ట్రస్ట్. లోపల ఉన్నావన్న ఒక్క కారణంతో నిన్ను నమ్మను. ప్రతి తలుపు దగ్గరా అడుగుతా: ఎవరు నువ్వు, ఏ పని మీద వచ్చావు, ఆ పనికి ఈ గది అవసరమా? వంటమాస్టర్‌కి వంటశాల తెరుస్తా, నగల గది తెరవను. అతని మీద అనుమానం ఉండి కాదు, అతనికి అక్కడ పని లేదు కాబట్టి. 2020 ఆగస్టులో అమెరికా నిస్ట్ సంస్థ దీన్ని 800-207 అనే డాక్యుమెంట్‌గా రాసింది. ఇప్పుడు ఇండస్ట్రీలో ఎవరు జీరో ట్రస్ట్ అన్నా దాదాపు దాని భాషే మాట్లాడతారు. అమ్మేవాళ్లు దీన్నొక డబ్బాలో పెట్టి ఇస్తామంటారు కానీ, ఇది కొనే వస్తువు కాదండీ.

సరే, ఇది లేకపోతే ఏమవుతుందో రెండు నిజమైన కేసులు చూద్దాం.

2017 మే 12. వానాక్రై. మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే ఇచ్చేసింది. అయినా ఇంగ్లాండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్‌కి ఉన్న 236 ట్రస్టుల్లో కనీసం 81 దెబ్బతిన్నాయి. వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, మొత్తం 19,000 పైనే ఉంటాయని అంచనా. వాళ్ల ఆడిట్ రిపోర్టులో నన్ను ఆపేసిన అంకె ఇంకోటి ఉంది: 1,220 డయాగ్నస్టిక్ మెషీన్లకి కూడా అది అంటుకుంది. ఆ వైరస్ రాసినవాడికి స్కానింగ్ మెషీన్లతో పనే లేదు, వాడికి కావాల్సింది డబ్బు. పక్కనున్న కంప్యూటర్‌కి దారి ఉంది కాబట్టి వెళ్లింది, అంతే.

"ప్యాచ్ వేసుకోవచ్చుగా?" అంటారు. మన ఫోన్‌కైతే రాత్రి ఛార్జింగ్ పెట్టి అప్‌డేట్ కొట్టి పడుకుంటాం. స్కానింగ్ మెషీన్ అలా కాదు. కోట్లు పెట్టి కొంటారు, పదేళ్లు, పదిహేనేళ్లు వాడతారు. లోపల విండోస్ ఉన్నా అది హాస్పిటల్ ఐటీ వాళ్ల చేతిలో ఉండదు, కంపెనీ పరీక్షించి సరే అంటేనే ముట్టుకోవాలి. యాంటీవైరస్ వేద్దామన్నా కుదరదు. 2017లోనే అమెరికాలో దాదాపు 4,65,000 పేస్‌మేకర్లకి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. అది ఇంట్లో కూర్చుని చేసుకునేది కాదు, క్లినిక్‌కి వెళ్లి డాక్టర్ ముందు వేయించుకోవాలి. గుండెలో ఉన్న సాఫ్ట్‌వేర్‌కి "రీస్టార్ట్ లేటర్" బటన్ ఉండదు కదా.

రెండోది మన దగ్గర. 2022 నవంబర్ 23, ఢిల్లీ ఎయిమ్స్. ఐదు సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా ఎన్‌క్రిప్ట్ అయిపోయింది. ఓపీ చీటీల దగ్గర్నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా రోజుల తరబడి చేత్తో రాశారు. దూరాభారం నుంచి వచ్చి తెల్లవారుజాము నుంచి లైన్లో నిలబడేవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. తర్వాత కేంద్రం రాజ్యసభలో ఇచ్చిన జవాబులో కారణం చెప్పింది: నెట్‌వర్క్‌ని సరిగ్గా విభాగాలుగా విడగొట్టకపోవడం. ఫంక్షన్ హాల్లో గదులకి తలుపుల్లేవన్నమాట.

మరి ముట్టుకోలేని మెషీన్ని కాపాడటం ఎలా? నా దృష్టిలో ఈ టాపిక్ మొత్తంలో ఇంట్రెస్టింగ్ పాయింట్ ఇదే. మన ఆఫీసు ల్యాప్‌టాప్‌కైతే జీరో ట్రస్ట్ అంటే ఓటీపీ, లోపల ఒక సాఫ్ట్‌వేర్, లాగిన్. పంపు ఓటీపీ చెప్పలేదు. కాబట్టి మెషీన్ని వదిలేసి దాని చుట్టూ ఉన్న దారిని కట్టేస్తారు. పంపు మాట్లాడాల్సింది ఎవరితో? తన పంప్ సర్వర్‌తో. అయితే ఆ ఒక్క దారే తెరిచి మిగతావన్నీ మూసేయడం. స్కానింగ్ మెషీన్ బొమ్మలు దాచే సర్వర్‌కి పంపాలి, ఆ దారి ఉంటుంది. అది ఫార్మసీ కంప్యూటర్‌తో మాట్లాడాల్సిన అవసరం ఏ జన్మలోనూ రాదు. ఎప్పుడైనా మాట్లాడటానికి ట్రై చేసిందంటే, అదే అలారం. మెడికల్ మెషీన్లు ఒక రకంగా చాలా బుద్ధిమంతులు. రోజూ అదే పని, అదే మాట. తేడా వస్తే ఇట్టే తెలుస్తుంది.

ఇంకో తలనొప్పి, నేను పంపునే అని చెప్పేది నిజంగా పంపేనా? చాలా చోట్ల మ్యాక్ అడ్రస్ చూసి వదిలేస్తారు. అది చొక్కా మీద పేరు బ్యాడ్జి లాంటిది, కాపీ కొట్టడం నిమిషం పని. కొత్త మెషీన్లకి డిజిటల్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, పాతవాటికి కుదరదు. అలాంటివాటిని గోడ కట్టి విడిగా ఉంచడమే. సర్వీస్ ఇంజనీర్లు దూరం నుంచి లాగిన్ అవ్వడానికి 24 గంటలూ తెరిచి ఉంచే రిమోట్ కనెక్షన్ ఉంటుంది చూశారూ, దాన్ని పనున్నప్పుడు తెరిచి, అవ్వగానే మూసేయాలి.

చెక్ చేయొద్దని ఎందుకన్నానంటే, పాత మెడికల్ మెషీన్లని నెట్‌వర్క్ స్కాన్ చేసే యాప్‌తో కదిలిస్తే హ్యాంగ్ అయ్యే ప్రమాదం ఉంది. అందుకే సెక్యూరిటీ వాళ్లు కూడా హాస్పిటల్లో దూరంగా కూర్చుని ట్రాఫిక్ వింటారు, మెషీన్ని గిల్లరు. పైగా పర్మిషన్ లేకుండా చేస్తే ఐటీ యాక్ట్ కింద కేసు అవుతుంది. రీల్ కోసం ఎవరి వెంటిలేటర్‌తోనో ఆడకండి.

ఇప్పుడు నాకు భయం వేసే వైపు కూడా చెప్పాలి. రాత్రి రెండు గంటలకి పేషెంట్ బీపీ పడిపోతోంది, సిస్టర్ రికార్డు తెరిస్తే "మీ సెషన్ ముగిసింది, ఓటీపీ ఎంటర్ చేయండి" అని వస్తే? ఆవిడ ఏం చేస్తుందో నేను చెప్తా, మర్నాటి నుంచి పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మానిటర్‌కి అంటిస్తుంది. తప్పు ఆవిడది కాదు. అందుకే హాస్పిటళ్లకి బ్రేక్ గ్లాస్ అని ఒక పద్ధతి ఉంటుంది, ఫైర్ అలారం అద్దం పగలగొట్టినట్టు. ఎమర్జెన్సీ అని నొక్కితే వెంటనే తెరుచుకుంటుంది, కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనేది రికార్డవుతుంది, మర్నాడు అడుగుతారు. అలాగే సెక్యూరిటీ సర్వర్ పడిపోయినా పంపు మాత్రం తనకి పెట్టిన డోసు నడుపుతూనే ఉండాలి. తాళాలు నెట్‌వర్క్‌కి వేయాలి గానీ, మందుకీ నరానికీ మధ్య వేయకూడదు. ఐటీ బ్యాక్‌గ్రౌండ్ నుంచి వచ్చిన మా లాంటివాళ్లు మర్చిపోయేది ఇదే, "యాక్సెస్ డినైడ్" వచ్చిందంటే సేఫ్ అనుకుంటాం.

ఆ రోజు ఏం చేశానంటే, ఆ ప్రింటర్ లిస్ట్ స్క్రీన్‌షాట్ తీసి హాస్పిటల్ బయోమెడికల్ ఇంజనీర్ గారిని వెతికి చూపించా. బేస్‌మెంట్లో చిన్న గది, చుట్టూ విప్పేసిన మానిటర్లు. చూసి, "ఇది ఐటీ వాళ్ల పని తమ్ముడూ" అన్నారు. ఐటీ ఆయన్ని అడిగితే "మెషీన్లు బయోమెడికల్ కిందకి వస్తాయి సార్" అన్నారు. ఇద్దర్నీ ఒకే చోట నిలబెట్టడానికి గంటన్నర పట్టింది. ఇద్దరూ మంచివాళ్లే. ఆ లిస్టు వాళ్లకే కొత్త, అదీ విషయం.

నాన్నమ్మ డిశ్చార్జ్ అయింది, ఇప్పుడు బాగానే ఉంది, నా వీడియోల కింద తెలిసినవాళ్లతో కామెంట్లు పెట్టిస్తోంది. నాలుగు నెలల తర్వాత రివ్యూకి వెళ్లినప్పుడు అదే గోడ, అదే పాస్‌వర్డ్. ప్రింట్ నొక్కా. లిస్ట్ ఖాళీ.

కిందికెళ్లి ఆ ఇంజనీర్ గారిని కలిశా. టీ తెప్పించారు. పంపుల సంగతి అప్పుడడిగా. "ఇప్పుడున్నవాటికి అసలు వైఫై లేదు తమ్ముడూ, నువ్వు అనవసరంగా కంగారుపడ్డావ్. వచ్చే లాట్‌లో 40 కొత్తవి వస్తున్నాయి, వాటికి ఉంటుంది" అన్నారు. కొటేషన్లు ఇంకా ఫైనల్ అవ్వలేదట. అక్కడే ఆయన ప్యాడ్ మీద నాలుగు ప్రశ్నలు రాసిచ్చా. ఈ పంపు ఎవరెవరితో మాట్లాడాలో లిస్ట్ ఇస్తారా? సర్టిఫికెట్ సపోర్ట్ ఉందా? లోపల ఏయే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో రాసిస్తారా? ఎన్నేళ్లు ప్యాచ్‌లు ఇస్తారు? మూడోది అమెరికాలో కొత్త మెషీన్లకి 2023 నుంచి చట్టమే అడుగుతోంది, కాబట్టి అక్కడ అమ్మే కంపెనీ మనకి లేదనడానికి వీల్లేదు అని చెప్పా.

ఆయన ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "నాలుగోదానికి మాత్రం ఎవడూ రాతపూర్వకంగా ఇవ్వడు, చూడు" అన్నారు. వెండర్ల మీటింగ్ వచ్చే నెల. ఆ నాలుగోదానికి ఏం జవాబు వచ్చిందో తెలియగానే ఇక్కడే చెప్తా.