ఒక తాళము, అనేక కోరులు

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వరకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణముల వారందరికిని జిల్లా కేంద్రము వరంగల్లే. కలెక్టరు సంతకము కావలసినవారు ఎంత దూరమునుండి వచ్చినను ఆ ఒక్క కచేరీ ముందే నిలువవలసి యుండెడిది. ఆనాడు ఆ మూడు పట్టణములును వేరువేరు జిల్లాలకు కేంద్రములైనవి. నేను నేడు చెప్పదలచినది జిల్లాల సంగతి కాదు, గణకయంత్రముల సంగతి. అయినను ఆ కచేరీ ముందరి బారును శ్రోతలు మనస్సులో ఉంచుకొనవలెనని కోరుచున్నాను.

గణకయంత్రమున లెక్కచేయు భాగమును ప్రాసెసరు అందురు. సుమారు 2005 వరకు ప్రతి క్రొత్త ప్రాసెసరును పాతదానికంటె వేగముగా పనిచేసెడిది. తరువాత వేడిమి అడ్డుపడినది. అందుచే తయారీదారులు వేగమును పెంచుటకు మారుగా ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది లెక్కచేయు కోరులను అమర్చసాగిరి. పొలము గట్టున రైతు చేతనున్న ఫోనులో సైతము నేడు తరచుగా ఎనిమిది కోరులు ఉండును. మన బ్యాంకు ఖాతాలను, భూమి లెక్కలను మోయు పెద్ద యంత్రములలో నూటికి మించియు ఉండవచ్చును.

పనివారు పెరిగిరి, పని సాగినదా? కోరులన్నిటికిని జ్ఞాపకశక్తిని, ఫైళ్లను పంచిపెట్టునది ఆపరేటింగ్ సిస్టమ్. దాని నడిబొడ్డు కెర్నెల్. 1996లో వెలువడిన లినక్స్ రెండవ కూర్పులో కెర్నెల్ అంతటికిని ఒకే పెద్ద తాళము ఉండెను. ఒక కోరు ఆ తాళము తీసికొని లోనికి పోయినచో, తక్కినవి బయట వేచియుండవలెను. ఇద్దరున్నచోట ఇది బాధింపదు. నలువదిమంది ఉన్నచో వరంగల్ కచేరీయే. ఆ తాళమును ముక్కలుముక్కలుగా తొలగించుటకు 2011 వరకు పట్టినది. ఆమ్‌డాల్ అను ఇంజనీరు 1967లోనే హెచ్చరించెను: పనిలో నూటికి ఐదు పాళ్లు ఒకరి తరువాత ఒకరు చేయవలసినదైనచో, వేయిమందిని పెట్టినను వేగము ఇరువది రెట్లకు మించదు.

2009లో జ్యూరిచ్ విద్యాలయమువారు మైక్రోసాఫ్ట్ పరిశోధకులతో కలిసి బారెల్‌ఫిష్ అను వ్యవస్థను ప్రకటించిరి. అందు ప్రతి కోరుకును తన కెర్నెల్ తనదే. ఒకదానితో ఒకటి ఉత్తరములు నడుపుకొనును. ఇది జిల్లాల విభజన వంటిదే. అయితే రెండు జిల్లాలకు సంబంధించిన వ్యాజ్యమునకు ఉత్తరప్రత్యుత్తరములు తప్పవు కదా!

మరుసటి యేడు అమెరికాలోని ఎమ్.ఐ.టి. పరిశోధకులు నలువదియెనిమిది కోరుల యంత్రముపై లినక్స్‌ను పరీక్షించిరి. ఏడు కార్యక్రమములలో ఒక్కటి తప్ప అన్నియు కెర్నెల్‌లో ఎక్కడో చిక్కుకొనినవి. కారణములలో ఒకటి విన్నచో నవ్వు వచ్చును: చిన్న చిన్న లెక్కలు! ఒక వస్తువును ఎందరు వాడుచున్నారను సంఖ్యను కోరులన్నియు ఒకే పలకమీద దిద్దవలెను. తాళము లేకున్నను, ఆ పలక చేతులు మారుటకే కాలము చెల్లిపోవుచుండెను.

వారి ఉపాయము మన ఖజానాలవారికి సులభముగా బోధపడును. ప్రతి స్టాంపు కాగితమునకును జిల్లా ఖజానాకు పరుగెత్తక, ఉపఖజానాలో కొంత నిల్వ ఉంచుదుము. అట్లే ప్రతి కోరును కొంత నిల్వను తనవద్ద ఉంచుకొని అందునుండి వాడుకొనును; అది తీరినప్పుడే నడుమనున్న లెక్కను ముట్టును. ఇట్టి మార్పులకై కెర్నెల్‌లో మొత్తము 3002 పంక్తులు మార్చవలసి వచ్చినది. పాత కట్టడమును ఇప్పుడే విడిచిపెట్ట నక్కరలేదని వారి అభిప్రాయము. నేనును ఆ పక్షమువాడనే. ఇల్లంతయు కూల్చుటకు ముందు ఏ గుమ్మమువద్ద జనము ఆగుచున్నారో చూచుట మేలు.

అయితే ఈ నిల్వల పద్ధతికి ఒక చిక్కు కలదు. ఆ వస్తువును తుడిచివేయవలసి వచ్చినపుడు, దానిని ఇంకను వాడువారు లేరని నిశ్చయముగా తెలియవలెను. అప్పుడు నడుమనున్న సంఖ్య ఒక్కటి చాలదు. నలువదియెనిమిది పెట్టెలను తెరచి లెక్కించుకొనవలసినదే. కనుక మాటిమాటికి కచ్చితమైన మొత్తము అడుగబడు లెక్కలకు ఈ పద్ధతి పనికిరాదు.