మొదటి సోల్డరింగ్ ఐరన్

రేడియో తీగ ఊడిన నాడు, చార్జరు మూగవోయిన నాడు మనకు కావలసినది తరచుగా ఒక చిన్న అతుకు మాత్రమే. ఆ అతుకు వేయు పనిముట్టు సోల్డరింగ్ ఐరన్. శ్రీకాకుళం రోడ్ స్టేషను పేరుతో ప్రయాణికులెరిగిన మన ఆమదాలవలసలో ఈ పని నేర్వదలచిన విద్యార్థి, కొద్ది సొమ్ముతో ఎట్టి ఐరన్ కొనవలెనో నేడు విచారింతము.

ముందుగా అతుకు ఎట్లు పడునో తెలియవలెను. మన జిల్లాలోని బుడితి గ్రామము కంచు, ఇత్తడి పాత్రలకు ప్రసిద్ధి. కంచు అనగా రాగి, తగరముల కలయిక. రాగికిని తగరమునకును గల ఆ పొత్తే మన అతుకునకు మూలము. తగరము 60 పాళ్లు, సీసము 40 పాళ్లు గల టంకము సుమారు 190 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పూర్తిగా కరగును. వేడెక్కిన రాగి తీగపై అది పరచుకొని పట్టును. చల్లని తీగపై పూసవలె నిలిచి, పిదప ఊడిపోవును. కావున ఐరన్‌తో ముందు తీగలను వేడిచేసి, ఆ వేడికి టంకమును కరగనీయవలెను.

ఆ పొత్తే ఐరన్ కొనయగు బిట్‌కు చేటు. వట్టి రాగి బిట్‌ను కరగిన తగరము క్రమముగా తినివేయును. ఇనుప పూత గల బిట్ చాలకాలము మన్నును. దానిని ఆకురాయితో రాయరాదు. తడి స్పాంజితో తుడిచి, టంకము పూసి ఉంచవలెను. విశాఖపట్నమునుండి తెప్పించిన ఐరన్ ఎంత చౌకైనను, దాని బిట్ మరల దొరకనిచో ఆ చౌకదనము నిలువదు.

ఇక వాట్లు. సన్నని తీగలకు, సర్క్యూటు పలకలకు 25 వాట్లు చాలును. అయితే ఆ లెక్క 230 వోల్టులకు మాత్రమే. వోల్టేజి 180కి దిగినచో ఆ ఐరన్ సుమారు 15 వాట్లే ఇచ్చును. సాయంకాలమున దీపములు మందగించు ఇండ్లలో 35 వాట్లది మేలు. వోల్టేజి నిండుగా ఉన్నపుడు మాత్రము దానిని పలకపై ఎక్కువసేపు ఆనింపరాదు. వేడిని సవరించు రకములును నేడు దొరకుచున్నవి. వానిలో మిక్కిలి చౌకవాని అంకెలను పూర్తిగా నమ్మరాదు.

చేతి సొమ్మంతయు ఐరన్‌కే వెచ్చింపరాదు. వేడి ఐరన్‌ను నిలుపు స్టాండు, లోపల రోజిన్ గల టంకపు తీగ తప్పనిసరి. గొట్టముల పనికి వాడు ఆమ్లపు ఫ్లక్సు తీగలను చెరచును. ఎర్తు గల మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న ఐరన్‌నే ఎన్నుకొనుట క్షేమము.

తల్లిదండ్రులకు ఒక మనవి. బాగుచేయు వస్తువు ప్లగ్గు తీసిన పిదపనే పని మొదలుపెట్టింపుడు. పాత వాల్వు రేడియోలలోని కెపాసిటర్లు ప్లగ్గు తీసినను కొంతసేపు విద్యుత్తును నిలుపుకొనును. క్రొత్తవారు వానిని తెరువరాదు. కిటికీ తెరచి ఉంచవలెను. టంకములో సీసమున్నది గనుక వంటయింట ఈ పని వలదు. ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడుగవలెను.

మొదటి పాఠమునకు రేడియో అక్కరలేదు. పారవేసిన తీగముక్కలు పది తీసికొని అతుకవలెను. చల్లారిన పిదప ఒక్కొక్కటి లాగి చూడవలెను. పదియు నిలిచిననాడు ఇంటి వస్తువుపై చేయి వేయవచ్చును.