కరెంటుకు మీ ఒళ్లు దారి కాకూడదు



తొలకరి పడిందంటే పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తరచూ కనబడుతుంది. బట్టలు ఆరేస్తుండగా షాక్ కొట్టి ఒకరు, వాళ్లను కాపాడబోయి పట్టుకున్నవారు ఇంకొకరు పోయారని. ఇనుప తీగతో కట్టిన దండెం, దాన్ని రాసుకుంటూ వెళ్లే సర్వీసు వైరు, తడి బట్టలు, తడి నేల. ఈ నాలుగూ ఒకచోట కలిస్తే ప్రాణం పోతోంది. తలరాత అని సరిపెట్టుకుంటాం. కానీ అక్కడ పనిచేసింది పదో తరగతి లోపు పాఠాల్లో ఉన్న రెండు మూడు సూత్రాలే. అవి ఇంటి పెద్దలకు కూడా తెలిసుండాలని నా కోరిక. ఈ పూట వాటి గురించే మాట్లాడతాను.

ముందు నిలకడగా ఉండే విద్యుత్తు సంగతి. చలికాలం పొడిగాలిలో పాలియెస్టర్ చొక్కా విప్పుతుంటే చిటపటమంటుంది. పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి, కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అంటుకుంటాయి. రెండు వస్తువులు రాసుకున్నప్పుడు ఒకదానిలోని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదానిలోకి పోతాయి. ఎక్కువైనచోట రుణావేశం, తగ్గినచోట ధనావేశం నిలిచిపోతాయి. దాన్నే స్థిర విద్యుత్తు అంటాం. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గొళ్లెం ముట్టుకుంటే వేలికి చురుక్కుమని తగిలేది అదే. ఆ చురుకు మనకు తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి. మన ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. మరి మూడు వేలు చురుక్కుమనిపించి వదిలేస్తుంటే, 230 మనిషినెందుకు చంపుతోంది?

మీ ఇంట్లో పిల్లలు ఈ ప్రశ్న అడిగితే విసుక్కోకండి. చాలా గొప్ప ప్రశ్న అది. వోల్టేజి చెప్పేది ఆవేశాన్ని నెట్టే ఒత్తిడి ఎంత ఉందని. నెట్టడానికి అక్కడ ఆవేశం ఎంత ఉందన్నది వేరే లెక్క. ఆవేశాన్ని కూలుంబుల్లో కొలుస్తాం. దువ్వెన మీద పోగయ్యేది కూలుంబులో కోటో వంతు కూడా ఉండదు. ముట్టుకోగానే ఒక్క క్షణంలో ఖాళీ అయిపోతుంది. ప్లగ్గు వెనక మాత్రం ట్రాన్స్‌ఫార్మర్, దాని వెనక సబ్‌స్టేషన్, ఆ వెనక విద్యుత్ కేంద్రం ఉన్నాయి. ఎంతసేపు పట్టుకుంటే అంతసేపూ సరఫరా వస్తూనే ఉంటుంది. సెకనుకు ఒక కూలుంబు ప్రవహిస్తే దాన్ని ఒక ఆంపియర్ అంటాం. మనిషిని దెబ్బతీసేది ఒంట్లోంచి పారే ఈ కరెంటు, అది పారినంత సేపు. మేఘాల్లో మంచు రవ్వలు ఒరుసుకుని పోగయ్యేదీ స్థిర విద్యుత్తే. కానీ ఒక్క పిడుగుతో నేలకు దిగేది పదిహేను ఇరవై కూలుంబుల దాకా ఉంటుంది. అందుకే ఉరుములు వినబడగానే పొలంలో ఉన్నవాళ్లు చెట్టు కిందికి పోకుండా పక్కా కప్పున్న ఇంట్లోకి చేరాలి.

ఇక ఇంటి కరెంటుకు వద్దాం. కరెంటు ఎక్కడి నుంచి బయల్దేరిందో తిరిగి అక్కడికే చేరాలి. చుట్టు పూర్తయితేనే పారుతుంది, తెగితే ఆగుతుంది. ఇంట్లోకి ఫేజు తీగ తెస్తుంది, న్యూట్రల్ తీగ తీసుకుపోతుంది. స్తంభాల మధ్య ఒకే తీగ మీద వాలిన పిచ్చుకకు ఏమీ కాదు. దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజి తేడా దాదాపు లేదు, ఒంట్లోంచి చుట్టు పూర్తి కాలేదు. మనిషి కూడా ఒక్క ఫేజు తీగనే కదా ముట్టుకున్నది, న్యూట్రల్‌ను తాకలేదు కదా, మరి షాక్ ఎందుకు కొట్టింది?

మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర ఎప్పుడైనా గమనించండి, దూరం నుంచే సుమా. అక్కడ నేలలోకి దిగిన తీగలు కనబడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను కావాలనే భూమితో కలుపుతారు. కాబట్టి మనం నిలబడ్డ నేల కూడా ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరుగుదారే. ఫేజును ముట్టుకున్న చేతి నుంచి గుండె మీదుగా పాదాలకు, అక్కడి నుంచి మట్టిలోకి, మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు చుట్టు పూర్తవుతుంది. మధ్యలో మన ఒళ్లు ఒక తీగ ముక్క.

ఎంత పారుతుంది? జర్మనీ శాస్త్రవేత్త గియోర్గ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రమే దీనికి ఆధారం. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. పొడి చర్మం నిరోధం వేల ఓమ్‌లలో ఉంటుంది, కొందరికి లక్ష కూడా దాటుతుంది. చర్మం తడిస్తే అది వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. పది మిల్లీ ఆంపియర్లు దాటితేనే చేతి కండరాలు బిగుసుకుపోయి తీగను వదలలేం. యాభై, వంద దగ్గర గుండె లయ తప్పుతుంది. వానాకాలంలో చావులు ఎందుకు పెరుగుతాయో ఈ ఒక్క భాగహారం చెబుతుంది.

‘మా ఇంట్లో ఎంసీబీ ఉంది, మాకేం భయం’ అంటారు చాలామంది. కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చి ఎంసీబీ. అది కాపాడేది గోడలోని వైరును. గీజరుకు 16 ఆంపియర్లది వేస్తారు. రెండు వేల వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది, అది మామూలే. మనిషిని చంపడానికి చాలిన 0.23 ఆంపియర్‌ను ఎంసీబీ అసలు పట్టించుకోదు.

అందుకే ఎర్తింగ్. గీజరు, ఫ్రిజ్జు, బోరు మోటారు లాంటి వాటి ఇనుప ఒంటిని ఆకుపచ్చ తీగతో నేలకు కలుపుతారు. లోపల ఫేజు ఊడి ఇనుముకు తగిలితే కరెంటు మనకంటే ముందు ఆ తీగ గుండా పారుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, పొడుగ్గా ఉండేది అందుకే. అన్నిటికంటే ముందు తగలాలి, అన్నిటికంటే చివర వదలాలి. ఆ పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కొందరు పనివాళ్లు ఆ ఆకుపచ్చ తీగను దించే గుంత తవ్వకుండా సాకెట్లోనే ఎర్తును న్యూట్రల్‌కు కలిపేస్తారు. అది మరీ ప్రమాదం. వెనక ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే గీజరు ఒళ్లంతా ఫేజు అయిపోతుంది.

ఎర్తు గుంత కూడా ఎండిపోతే పనిచేయదు. దాని నిరోధం 50 ఓమ్‌లకు పెరిగితే దాని గుండా పారేది 4.6 ఆంపియర్లే. ఎంసీబీ పడదు, గీజరు షాక్ కొడుతూనే ఉంటుంది. మంచి గుంత, 5 ఓమ్‌లే అనుకున్నా 46 ఆంపియర్లు. ఎంసీబీ పడుతుంది గానీ కొన్ని సెకన్లు పట్టొచ్చు. గుండెకు అంత వ్యవధి లేదు.

ఈ లోటును పూడ్చేది ఆర్‌సీసీబీ. పొద్దున తోలుకెళ్లిన పశువులు సాయంత్రానికి అన్నీ తిరిగొచ్చాయా అని లెక్క చూసుకునే కాపరిలా, ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానమేనా అని అది ఎప్పుడూ చూస్తుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి ఎక్కడో నేలలోకో, మనిషిలోంచో పోతోందని లెక్క. సెకనులో మూడో వంతు లోపే సరఫరా కోసేస్తుంది. ఇళ్లకు ఈ 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. ఒక్క జాగ్రత్త: ఒక చేత్తో ఫేజు, రెండో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే లెక్క సరిపోతుంది గనుక అది కాపాడలేదు. ఆర్‌సీసీబీ ఉంది కదా అని తీగలతో ఆటలొద్దు.

చిన్న మాట ఇంకొకటి. స్విచ్చి ఫేజు తీగ మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెడితే లైటు ఆరుతుంది గానీ హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది.

దండేనికి నైలాను తాడు కట్టండి, ఇనుప తీగ తీసేయండి. అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్లకు చేతులెత్తి చెబుతున్నాను, ఆపండి. అది నేరం. రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క రైతే దానికి బలైపోతున్నాడు. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. అది కుదరకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో తీగను పక్కకు నెట్టండి. ఇది ఇంటి తీగల సంగతి. స్తంభం మీది తీగ తెగిపడితే మాత్రం దగ్గరికే పోవద్దు, 1912కు ఫోన్ చేయండి. షాక్ తగిలిన మనిషిలో ఊపిరి లేకపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి, పక్కవాళ్లతో 108కి చేయించండి.

ఈ ప్రసంగం అయ్యాక మీ మీటరు బోర్డు దగ్గరికి వెళ్లి చూడండి. ఆర్‌సీసీబీ మీద ‘టి’ అనే అక్షరంతో చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే ఇంట్లో కరెంటు పోవాలి. పోకపోతే రేపే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. అసలు ఆ మీటే కనబడకపోతే, వానలు ముదరకముందే పెట్టించండి, ఎర్తు గుంతనూ కొలిపించండి.