బొగ్గుట్ట నుంచి తుమ్మలపల్లె దాకా
(ప్రొద్దుటూరు సభలో చేసిన ప్రసంగం)

గని వస్తే బతుకు మారుతుందంటారు. ఇల్లందును చూడండి. 1871లో డాక్టర్ కింగ్ ఆ ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. బొగ్గు కోసమే డోర్నకల్ నుంచి రైలు పట్టాలేశారు. జనం ఆ ఊరిని బొగ్గుట్ట అన్నారు. పక్కనున్న సింగరేణి గ్రామం పేరే కంపెనీకి పెట్టారు. పేరు మిగిలింది, పెత్తనం కొత్తగూడేనికి పోయింది. భూగర్భ గనులు పోయి ఓపెన్‌కాస్టులొచ్చాయి. యంత్రాలు పెరిగాయి, కార్మికులు తగ్గారు.

మన సంగతేంటి? జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007, 2018, 2019, 2023లో పూజలు చేశారు. (కొబ్బరికాయలకు కొదవలేదు!) పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం తీస్తుంటే, బోరునీళ్లు చెడిపోయాయని కె.కె.కొట్టాల రైతులు మొత్తుకున్నారు. ఖనిజం అయిపోయాక ఊరికేం మిగులుతుంది? భూములిచ్చే ముందే ఇది కాగితం మీద రాయించుకుందాం.